పన్నెండో పాఠం, ఒంటిగంటా పదమూడు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా కడప ఎండల వల్లే అంటారు మావాళ్లు. పాపం, ఎండనెందుకు అనడం, నా నోరే అంత. ఆ నోటితోనే ఒకసారి మంచి పని చేయబోయాను.

మా ఆఫీసులో పాంట్రీ చూసుకునే అక్కది వికారాబాద్ వైపు. గోపన్‌పల్లిలో ఒక గది కిరాయికి తీసుకుని, కళ్లు కనబడని చెల్లెలితో ఉంటోంది. ఆ చెల్లెలు ప్రైవేటుగా డిగ్రీ కడుతోంది. అన్నీ గట్టెక్కాయి, చరిత్ర ఒక్కటే మిగిలింది. అది రెండుసార్లు తప్పింది. మూడోసారికి సిలబస్ మారి కొత్త పుస్తకం వచ్చింది. పాసైతే ఒక దవాఖానలో ఫోన్లు ఎత్తే ఉద్యోగం ఉంది, అదీ ఈ పరీక్ష అయ్యేదాకే ఆగుతామన్నారట. "సదివి పెట్టేటోళ్లే లేరు మేడం" అని అక్క ఒకరోజు నా బల్ల మీద టీ పెడుతూ అంది. నేను చదువుతాలే అక్కా, అనేశాను.

మూడు వారాల పాటు లంచ్ టైములో చిన్న మీటింగ్ రూములో కూర్చుని, లాప్‌టాప్‌లో నా గొంతు రికార్డు చేశాను. మొత్తం పద్నాలుగు పాఠాలు. పుస్తకంలో వాటికి పేర్లే తప్ప నంబర్లు లేవు. ఫైళ్లకు నేనే పాఠం 1, పాఠం 2 అంటూ పేర్లు పెట్టి పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాను. చెల్లెలి దగ్గర పెన్‌డ్రైవ్ గుచ్చుకుని వినే చిన్న స్పీకర్ డబ్బా ఉంది. నా పని అయిపోయిందని తృప్తిగా ఉన్నాను. నిజం చెప్పాలంటే నలుగురికీ చెప్పుకున్నాను కూడా.

పరీక్ష సోమవారం అనగా, ముందు గురువారం అక్క నా సీటు దగ్గరికొచ్చి నిలబడింది.

"మేడం, ఏమనుకోకుండ్రి. మా చెల్లె జర పరేషాన్ అయితుంది. రాళ్ల పనిముట్ల పాఠం అయిపోంగనే ఇంగ్రేజోళ్లు ఓడలల్ల దిగిండ్రంట. స్వతంత్రం వచ్చినంక మళ్ల మొహెంజొదారోల ఇండ్లు కట్టిండ్రంట. కొత్త పుస్తకం గిట్లనే ఉంటదా అని అడుగుతుంది."

నాకు చుర్రుమంది. పుణ్యానికి పోతే పాపం ఎదురైందంటే ఇదే అనుకున్నాను. లాప్‌టాప్ ఆమె వైపు తిప్పాను. మా ఆఫీసు లాప్‌టాప్‌లన్నిటిలో విండోస్ బదులు లినక్సే. ఫైళ్లు చూసే కిటికీ తెరిస్తే ఒకటి నుంచి పద్నాలుగు దాకా పాఠాలు వరుసగా ఉన్నాయి. "చూడు అక్కా, ఎక్కడ తప్పుంది? మీ చెల్లెలే ఏదో బటన్ తప్పు నొక్కుతున్నట్టుంది" అన్నాను. అక్క మొహం చిన్నబోయింది. "అయ్యుంటది మేడం" అని కప్పులు తీసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు ఆ డబ్బానే టిఫిన్ సంచిలో పెట్టుకొచ్చి నా బల్ల మీద ఉంచింది. పెన్‌డ్రైవ్ దానికే ఉంది. బటన్ నొక్కాను. నా గొంతు రాతియుగం చెప్పింది. మళ్లీ నొక్కితే సూరత్‌లో దిగిన కంపెనీ ఓడల గురించి చెప్పింది. అది పదో పాఠం. నాలుక కరుచుకున్నాను.

నా లాప్‌టాప్‌కి తెలివి ఉంది, పదిని పదిగా చూస్తుంది. ఆ డబ్బాకి అంకెలు తెలియవు, నిఘంటువులో మాటల్లాగా అక్షరాలే చూస్తుంది. ఒకటితో మొదలయ్యేవన్నీ అయ్యాకే దానికి రెండు వస్తుంది. అందుకే ఒకటి తర్వాత పది, పదకొండు, అలా పద్నాలుగు దాకా వెళ్లి, అప్పుడు రెండుకి వస్తోంది. పేర్లలో 1ని 01, 2ని 02 అలా చేస్తే తీరిపోయే జబ్బు అది. ఆ పిల్ల బటన్ సరిగ్గానే నొక్కింది.

పెన్‌డ్రైవ్ తీసి లాప్‌టాప్‌కి గుచ్చి, ఫైళ్లన్నీ ఒకేసారి ఎంచుకుని పేర్లు మార్చేశాను. మార్చాక ఇంకో అనుమానం వచ్చింది. నంబర్లు వేసింది నేనే కదా, అవైనా సరిగ్గా వేశానా? ఏది ఎప్పుడు చదివానో చూద్దామని ఒక్కో ఫైలు ప్రాపర్టీస్ తెరిచాను. పేరు మార్చినా, చివరిసారి సేవ్ చేసిన టైము మాత్రం మారదు, నిమిషాలతో సహా ఉంటుంది. వరుస సరిగ్గానే ఉంది. రోజూ సరిగ్గా ఒంటిగంటకు మొదలుపెట్టేదాన్ని. అన్నీ ఒంటిగంటా నలభై, నలభై ఐదు, యాభై. పన్నెండో పాఠం ఒక్కటి ఒంటిగంటా పదమూడు.

పన్నెండోది కంపెనీ కాలం నాటి చట్టాలు. పుస్తకంలో అన్నిటికంటే పెద్ద పాఠం. పదమూడు నిమిషాల్లో ఎలా అయింది? ఎలాగంటే, ఆ రోజు ఒంటిగంటా పదిహేనుకి మా మేనేజర్ కాల్ ఉంది. చట్టాలు చదువుతుంటే నాకే నిద్రొచ్చింది. మధ్యలో కొన్ని పేజీలు దాటేసి చివరి పేరా చదివి ముగించాను. ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. ఆ మాట అప్పుడు మనసులో అనుకున్నది అనుకున్నట్టుగా ఇప్పుడు గుర్తొచ్చి, తల కొట్టేసినట్టయింది.

దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకోవచ్చు. చదివి ఇంకో ఫైలు వేసి పంపొచ్చు, అక్కకు ఏమీ చెప్పక్కర్లేదు. కానీ చెల్లెలిదే తప్పని అక్క నిన్న తల వంచుకుని విన్న మాట నాది. రేపు శనివారం, సెలవు. ఇంటికొస్తానని అక్కకు చెప్పాను.

మర్నాడు మధ్యాహ్నం గోపన్‌పల్లిలో, కొత్త అపార్ట్‌మెంట్ల వెనక సందులో వాళ్ల గది దొరికింది. అక్క స్టవ్ మీద టీ పెట్టింది. చెల్లెలు చాప మీద కూర్చుని ఉంది, సన్నగా, తలకు నూనె రాసి గట్టిగా జడ వేసుకుని. నేను చాప మీద కూర్చోకముందే చెప్పేశాను.

"డబ్బా తప్పు నీది కాదు, నాదే. ఇంకోటుంది. పన్నెండో పాఠంలో, ఆ చట్టాల దగ్గర, నేను కొన్ని పేజీలు..."

"తెలుసు మేడం" అంది.

"ఎట్లా తెలుసు?"

"కాయితాలు తిప్పిన సప్పుడు ఇనవడ్డది. మీరు మాట్లాడకుండనే ఐదు సార్లు తిప్పిండ్రు."

ఐదుసార్లు. నాకే తెలియని లెక్క. "మరి చెప్పలేదేం తల్లీ? పరీక్ష నీది కదా."

ఆమె చాప అంచు సరిచేసుకుంది. స్టవ్ దగ్గర అక్క వెనక్కి తిరగలేదు.

"చెప్తే సదువుడే బంద్ పెడ్తరేమో అనుకున్న మేడం."

నాకు ఏడుపొచ్చింది. ఆమెకు కనబడదు కాబట్టి తుడుచుకోలేదు, అది కూడా సిగ్గుగానే అనిపించింది. సంచిలోంచి పుస్తకం తీసి, పన్నెండో పాఠం మొదటి పేజీ తెరిచాను. రెండు వాక్యాలు చదివానో లేదో, ఆమె చెయ్యి తడుముకుంటూ వచ్చి నా మోకాలి మీద ఆగింది.

"మేడం, జర మెల్లగ సదువుండ్రి."