మా తెప్ప చూసొచ్చిన సముద్రం

దయ్యాలంటే నేను నవ్వేదాన్ని. శామీర్‌పేట చెరువు దగ్గర చేపలమ్ముకునే నాకు అలాంటి భయాలుంటే పూట గడవదు. ఇది మాత్రం నా కళ్లారా చూసింది.

మా మరిది రాజు మాల్టాలో, ఓడరేవు దగ్గర పడవలకు రంగులేసే పనిలో ఉన్నాడు. రోజూ వీడియోలు పంపుతాడు. తెరచాప పడవలు, మేడల్లాంటి తెల్ల పడవలు, కార్లను కూడా కడుపులో పెట్టుకునే ఓడలు, ముందువైపు రెండు కళ్లు గీసిన రంగురంగుల చేపల పడవలు. వాటిని మా యారాలు, అంటే రాజు పెళ్లాం, స్టేటస్ పెట్టి ఊరంతా చూపిస్తుంది. వచ్చే నెల తనూ అక్కడికే పోతోంది. నాకు కడుపు మండిపోతోంది, దాచడమెందుకు.

పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్టు, మా ఆయనకూ ఆ పడవల పిచ్చి పట్టింది. మాది థర్మాకోల్ తెప్ప. యూరియా సంచుల్లో చుట్టి, గుర్తుకు నా పాత నారింజ చీర అంచు కట్టాం. ఒకరోజు దాన్ని కాలితో తన్ని, "గిది గూడ పడవేనా?" అన్నాడు. తెప్పకు కాలు తగిలితే గంగమ్మకు మొక్కాలని మా దగ్గర పిల్లలకు కూడా తెలుసు. మొక్కమన్నాను. వినలేదు.

మర్నాడు కట్టిన చోట తెప్ప లేదు. తాడు మాత్రం గుంజకే ఉంది. చెరువంతా వెతికాం. తెప్ప లేకపోతే వల వేయలేం, ఇల్లు గడవదు.

మధ్యాహ్నం రాజు వీడియో కాల్‌లో యారాలికి రేవు చూపిస్తుంటే నేనూ తొంగి చూశాను. రెండు తెల్ల పడవల మధ్య మా తెప్ప ఊగుతోంది. దాని మీద నా నారింజ అంచు.

"రాజూ, జర ఎన్కకు తిప్పు! గా తెల్ల పడవల నడుమ!"

తిప్పాడు. "ఏంది వదినా? ఏం లేదు గదా." నిజంగానే ఉత్త నీళ్లు.

"అక్కకు కండ్ల నిండ పడవలే," అని యారాలు నవ్వింది.

మరుసటి పొద్దున తెప్ప ఎప్పటి చోటే ఉంది. ఎవరో దాచి, మళ్లీ తెచ్చి పెట్టారన్నాడు మా ఆయన. కానీ చీర అంచు తెల్లగా పొర కట్టి, అప్పడంలా బిరుసుగా ఉంది. నాలుకకు తాకించి చూశాను. ఉప్పు. మా చెరువు నీళ్లు ఉత్త చప్పన. ఆయన కూడా రుచి చూసి, తెప్పకు పసుపు కుంకుమ పెట్టి మొక్కాడు.

ఇదెట్లా జరిగిందో నాకిప్పటికీ అర్థం కాదు. కడుపుమంట మాత్రం తగ్గలేదు. యారాలు పోతోంది. తన్నులు తిన్న తెప్ప కూడా పోయొచ్చింది. నేనే ఇంకా సముద్రం చూడలేదు.