పొడుగప్ప క్యారియర్

ఆ రోజుల్లో పెద్ద చదువులంటే నాకున్నంత గౌరవం మా వీధిలో ఇంకెవరికీ లేదు. ఎంత గౌరవమంటే, నాలాంటివాడు తాకితే చదువు ఎక్కడ మాసిపోతుందోనని తొమ్మిదో తరగతి సగంలోనే దానికి దూరం నుంచి దండం పెట్టి ఇంటికొచ్చేశాను. (మా లెక్కల అయ్యవారు ఈ మాట ఒప్పుకోరు. "వాడు బడి మానిన దినం పండగ లేకపోయినా మేం పాయసం తాగినాం" అని ఇప్పటికీ టీ అంగట్లో చెబుతుంటారు.) నా చదువు నేను చెడగొట్టుకోవడంలో వింతేమీ లేదు, అది నా సొంత ఆస్తి. కానీ సముద్రం దాటి మా ఊరికి వచ్చిన ఒక పిల్లవాడి చదువు కూడా నా పుణ్యాన చెడిపోబోయింది. పదేళ్లు దాటింది కాబట్టి ఇప్పుడు ధైర్యంగా చెప్పుకుంటున్నాను.

మా అవ్వకు హిందూపురంలో మెస్సు ఉండేది. బోర్డు లేదు, బల్లలు లేవు. మా వంటిల్లే మెస్సు, మా వసారానే హోటలు. ఎక్కువమంది క్యారియర్లే తెప్పించుకునేవారు. వాటిని మోపెడ్‌కు రెండు పక్కలా తగిలించుకుని ఊరంతా తిప్పడం నా ఉద్యోగం. అవ్వ మెస్సుకు ఒకటే చట్టం: క్యారియర్ ఖాళీగా తిరిగి రావాలి. కాస్త మిగిలి వచ్చిందంటే ఆమెకు అది మొహమ్మీద తిట్టినట్టే. ఆ పూట తాను తినేది కాదు, మమ్మల్ని తిననిచ్చేది కాదు. "ఉప్పెక్కువాయనా? నా చెయ్యి కుదర్ల్యానా? ఆయప్పకు ఒళ్లు బాగలేదా? యాల తిన్ల్యా?" అని, తెచ్చినవాణ్ణి నిలబెట్టి పోలీసుల్లాగా అడిగేది. తెచ్చినవాణ్ణి ఎప్పుడూ నేనే.

ఒకరోజు ఊరి బయట ఫార్మసీ కాలేజీ హాస్టలు వార్డెను సారు మా ఇంటికొచ్చాడు. టాంజానియా నుంచి ఒక పిల్లవాడు చేరాడని, ఆ దేశం నుంచి వచ్చినవాడు వాడొక్కడేనని, హాస్టలు కూడు వాడి నోటికి పోవడం లేదని చెప్పాడు. "ఇంటి కూడైతే తింటాడేమో అవ్వా. కారం మాత్రం తక్కువెయ్యి. వాళ్ల ఊర్లో మందుల అంగడే లేదంట. జరమొస్తే దినమంతా నడిచిపోవల్లంట. ఈ పిల్లోడు చదువుకోని పోయి అంగడి పెడతాడని ఊరు ఊరంతా కాచుకోని ఉండాదంట" అన్నాడు. అవ్వ దృష్టిలో టాంజానియా పావగడకు కొంచెం అవతల ఎక్కడో ఉండే ఊరు. కానీ ఆకలి ఎక్కడైనా ఒకటేనని ఆమెకు తెలుసు. "పంపిస్తాలే సారూ. యా ఊరి బిడ్డయితేనేమి, బిడ్డే గదా" అంది.

మొదటి రోజు తలుపు తీసిన మనిషి మొహం చూడ్డానికి నేను రెండు మెట్లు వెనక్కి దిగాల్సొచ్చింది. అంత పొడుగు. అక్కడికక్కడే పొడుగప్ప అని పేరు పెట్టేశాను. (అతని అసలు పేరు నాకు నోరు తిరగలేదు, నాది అతనికి తిరగలేదు. ఒకరికొకరం సరిపోయాం.) నేను వరండాలో కూర్చున్నాను. కాసేపటికి అతను క్యారియర్ తెచ్చి చేతికిచ్చి, కళ్లనిండా నీళ్లతో, "వెరీ నైస్! గ్రాండ్‌మదర్, వెరీ నైస్!" అన్నాడు. పాపం, ఇల్లు గుర్తొచ్చి ఏడుస్తున్నాడు కాబోలు అనుకున్నాను. తీరా క్యారియర్ ఎత్తితే, తెచ్చినప్పుడు ఎంత బరువుందో అంతే ఉంది.

తిరుగుదారిలో రైల్వే గేటు పడింది. ధర్మవరం వైపు నుంచి వచ్చే రైలు ఇంకా పెనుకొండ దాటిందో లేదో గానీ మా గేటు మాత్రం ముందే పడిపోయేది. మూత తీసి చూశాను. రెండు ముద్దలు మాత్రం తగ్గాయి. ఇలాగే ఇంటికి తీసుకుపోతే అవ్వ ఉపవాసం, నాకు విచారణ. అటు చూశాను, ఇటు చూశాను, రైలు రావడం లేదు. నాకేమో పద్దెనిమిదేళ్లు, ఆ వయసులో భోంచేసిన గంటకే మళ్లీ ఆకలి. రైలు వచ్చేలోపల క్యారియర్ కడిగినట్టయింది.

"తిన్న్యాడా?" అంది అవ్వ గుమ్మంలోనే.

"తుడిచి పెట్టినాడవ్వా."

"బాగుండాదన్న్యాడా?"

"వెరీ నైస్ అన్న్యాడు. రవంత కారమే చాల్లేదంట."

ఆ చివరి మాట ఎందుకు అన్నానని మీరు అడగవచ్చు. తిన్నవాడిగా నా అభిప్రాయం నేను చెప్పాను, అంతే. నిజంగానే చప్పగా ఉంది మరి. అవ్వ మొహం వెలిగిపోయింది. "మన పిల్లోళ్ల మాదిరే ఉండాడే! ఆ సారుకేం తెలుసు" అని మర్నాడు ఇంకో నాలుగు మిరపకాయలు వేసింది. పొడుగప్ప ఈసారి ఒక ముద్దతోనే సరిపెట్టి, "వెరీ నైస్" మాత్రం రెండుసార్లు అన్నాడు. నేను గేటు దగ్గర ఆగాను. ఇలా నెల గడిచింది. నేను "చాల్లేదంట" అనడం, అవ్వ మిరపకాయలు పెంచడం, అతను తగ్గించడం, నేను హెచ్చించడం. గేటు పడని రోజుల్లో కూడా పడుతుందేమోనని కాసేపు చూసేవాణ్ణి. గేటుమ్యాను నన్ను చూడగానే "ఏమబ్బా, ఈపొద్దు కూరేమి?" అని అడిగేవాడు. పొడుగప్ప పేరు చెప్పి గుత్తొంకాయ అడిగాను, గుడ్డు అడిగాను, ఒక శనివారం ఏకంగా ఓళిగలు, అదే బొబ్బట్లు, అడిగాను. ఆ నెలలో నా చొక్కా గుండీలు రెండు సెలవు పుచ్చుకున్నాయి.

ఒక శుక్రవారం వార్డెను సారు హాస్టలు గేటు దగ్గరే నన్ను ఆపాడు. "సోమవారం నుంచి క్యారియర్ వద్దప్పా. ఆ పిల్లోడు వాళ్ల దేశం పోతాండాడు. టికెట్టు కూడా తీసినాడు. నెలనాళ్లుగా బన్ను, అరటిపండు తిని బతుకుతాండాడంట, క్లాసులో కండ్లు తిరిగి పడినాడు. మీ అవ్వ ఇంత బాగా పంపిస్తాంటే యాల తిన్లేదో అర్థం కాల్యా." నాకు మాత్రం బాగా అర్థమైంది. లోపలికి పోతే పొడుగప్ప పెట్టె సర్దుతున్నాడు. పుస్తకాల మీద ఒక ఫోటో పెట్టి ఉంది: మట్టి ఇల్లు, ముందు పది పదిహేను మంది, మధ్యలో కొత్త చొక్కాతో ఇతను, పక్కన ఒక ముసలమ్మ. ఆమె చేయి అందక ఇతని మోచేయి పట్టుకుని నిలబడింది. నేను ఏదో అనబోయాను. నా ఇంగ్లీషులో పశ్చాత్తాపానికి మాట లేదు.

ఇంటికొచ్చి, పొడుగప్ప ఊరికి పోతున్నాడని మాత్రం చెప్పాను. అవ్వ గరిటె కింద పెట్టింది. "నెల దినాలు నా చేతి కూడు తిని, నా మొగం చూడకనే పోతాడా? ఆదివారం ఇంటికి పిల్చకరా. నా కండ్ల ముందర తినిపోవల్ల" అంది. అతను అవ్వ ముందు కూర్చుని కారానికి బుస్సుమన్నాడంటే నా నెల రోజుల చరిత్రంతా బయటపడుతుంది. అప్పుడు నా బుర్రకు ఒక ఉపాయం తట్టింది. (నా బుర్రకు ఉపాయం తట్టినప్పుడల్లా ఇంట్లోవాళ్లు జాగ్రత్త పడేవారు, ఆ రోజు ఎవరూ గమనించలేదు.) "అన్నమెందుకవ్వా, సంగటి చెయ్యి. మన ఊరి సంగటి తినకుండా పోతాడా?" అన్నాను. రాగి ముద్దతో కొత్తవాళ్లు పడే పాట్లు మాకు తెలుసు. బెంగుళూరు నుంచి వచ్చిన చుట్టాలే దాన్ని నమల్లేక, మింగలేక, చూయింగ్ గమ్ముతో కొట్లాడినట్టు కొట్లాడేవారు. ఇతను ఆ పాట్లు పడుతుంటే అందరూ నవ్వుతారు, ఆ నవ్వులో కారం సంగతి కొట్టుకుపోతుంది. నవ్వు తక్కువ కాకూడదని, పరిగి ఊళ్లో ఆటో నడిపే మా బావను కూడా భోజనానికి పిలిచాను.

ఆదివారం మధ్యాహ్నం పొడుగప్ప వంగి వంగి మా గుమ్మంలోకి వచ్చాడు. అవ్వ అతన్ని పైనుంచి కిందికి చూసింది. మెడ ఎముకలు తేలి ఉన్నాయి. ఆమె చూపు అక్కణ్ణుంచి కదిలి, గుండీలు లేని నా చొక్కా దగ్గరికొచ్చి ఆగింది.

"ఈ పిల్లోడేనా దినామూ తుడిచిపెట్టేది?"

"ఔనవ్వా. వాళ్ల ఒళ్లే అంత. తిన్నదంతా పొడుగుకు పోతాది."

పరిగి బావ కిసుక్కుమన్నాడు. తట్టల్లో, అంటే కంచాల్లో, పొగలు కక్కే ముద్దలు పడ్డాయి. నేను పొడుగప్ప ఎదురుగా కూర్చుని పాఠం మొదలుపెట్టాను. జీవితంలో నేను చెప్పిన మొదటి ఇంగ్లీషు పాఠం అది. "నో బైటింగ్. ఓన్లీ స్వాలోయింగ్. టుడే టీత్ హాలిడే." అతను క్లాసులో విన్నట్టే శ్రద్ధగా విన్నాడు. తర్వాత ముద్ద వైపు చూశాడు. చూసి, వంగి వాసన పీల్చి, మెల్లగా "ఉగాలి?" అన్నాడు. ఏమిటని అడిగేలోపలే కుడిచేత్తో ఇంత తుంచి, వేళ్లతోనే గుండ్రంగా చుట్టి, బొటనవేలితో మధ్యలో చిన్న గుంత చేసి, ఆ గుంతలోకి పప్పు (ఆ పూట మిరపకాయలన్నీ పచ్చడికే పోవడంతో పప్పు చప్పగానే ఉంది) తోడుకుని నోట్లో వేసుకున్నాడు. ఇంకొకటి. ఇంకొకటి. పరిగి బావ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "ఓరి నీయమ్మా! పుట్టినకాణ్ణుంచి తింటాండాం, ఈ గుంత సంగతి మనకెవురూ చెప్పల్యా గదరా! చూడు, పప్పు ఒక్క చుక్కన్నా కింద పడల్యా!" బావ సగం ముద్దలో ఉండగానే అతని తట్ట ఖాళీ. అవ్వ రెండోది వేసింది, మూడోది వేసింది. అతని కళ్లలో మళ్లీ నీళ్లు. అవి మాత్రం కారం నీళ్లు కాదు.

అప్పుడు అవ్వ ప్రేమగా, నీకిష్టమని చేసినా నాయనా అంటూ, ఊరిబిండి గరిటెడు తెచ్చింది. శనక్కాయల పచ్చడిగా పుట్టిన ఆ ఊరిబిండి, నా పుణ్యాన నెల రోజుల్లో పూర్తిగా మిరపకాయల పచ్చడి అయిపోయింది. పొడుగప్ప రెండు చేతులూ తట్టకు అడ్డం పెట్టాడు. "నో గ్రాండ్‌మదర్! ఫైర్!" అని నాలుక బయటపెట్టి చేత్తో విసురుకున్నాడు.

నేను లేచాను. "అవ్వా, ఆయప్ప ఏమంటాండాడంటే..."

"నువ్వు నోరు మూసుకో. ఆయప్ప చెప్పింది నాకు అర్థమాయె. నెల దినాల్నుంచి నువ్వు చెప్పిందే అర్థం కాల్యా."

తర్వాత పడ్డవి వివరంగా రాయను. సంగటి కెలికే కట్టె చాలా గట్టిది, అంతవరకు చెప్పగలను. నా వీపు చల్లారాక అవ్వ పొడుగప్ప వైపు తిరిగి "నువ్వన్నా చెప్పగూడదా నాయనా?" అంది. ఇంటరు చదివిన పరిగి బావ అటూ ఇటూ మాటలు చేరవేశాడు: అవ్వ వండి పంపిన కూడు బాగలేదనడం వాళ్ల ఇంట్లో తప్పట, అందుకే నైస్ అన్నాడట. అవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంది. అతను మాత్రం నా వీపు మీద పని చేసిన కట్టెను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. వాళ్ల ఊర్లో సంగటిని ఉగాలి అంటారట, అది కెలకడానికి వాళ్ల అవ్వ దగ్గరా అచ్చం అలాంటిదే ఉందట. అడక్కుండానే వంటింట్లోకి పోయి, పొయ్యి మీద రాత్రికని పెట్టిన ఎసట్లో పిండి పోసి, కుండ కిందికి దించి, రెండు కాళ్లతో దాన్ని ఒత్తిపట్టి గిరగిరా కెలికేశాడు. అవ్వ వేలితో అద్ది చూసింది. ఒక్క ఉండ లేదు. "చూడరా! నిన్ను పద్దెనిమిదేండ్లు సాకితి, ఒక్కనాడన్నా ఇట్ల కెలికితివా? ఈ బిడ్డ యాడికీ పోడు. ఆ సారుతో నేను చెప్తా" అంది. బావ ఆ మాట ఇంగ్లీషులో చెబితే, పొడుగప్ప కుండ వైపు వేలు చూపించి "ఎవ్రీ డే, దిస్?" అన్నాడు. "ఎవ్రీ డే" అంది అవ్వ. ఆమెకు ఇంగ్లీషు అంత సులభంగా ఎప్పుడొచ్చిందో నాకు తెలియదు.

సోమవారం విమానం అతను లేకుండానే ఎగిరింది. ఆ తర్వాత అతని క్యారియర్లో కారం లేని పప్పు, మూడు ముద్దలు. నా మాట మీద నమ్మకం పోయింది కాబట్టి అవ్వ కొత్త పద్ధతి పెట్టింది: ఎన్ని ముద్దలు తింటే అన్ని గుండ్రాలు గీసి, అతను ఖాళీ క్యారియర్లో చీటీ పెట్టాలి. చదువురాని అవ్వ రోజూ ఆ చీటీ వెలుతురుకు పట్టుకుని చదువుకునేది. గేటుమ్యాను నన్ను చూసి "పాపం, చిక్కిపోయినావప్పా" అనేవాడు. పొడుగప్ప నాలుగేళ్లూ చదివాడు, ఆదివారాలు మా వంటింట్లో కూర్చుని మా అవ్వ తెలుగంతా నేర్చుకున్నాడు. రాగులు మొదట పుట్టింది వాళ్ల వైపేనని ఏదో పుస్తకంలో చదివి ఒకరోజు నాకు చెప్పాడు. వాళ్లింటి కూడు వాళ్లకే తినడం నేర్పబోయిన నా పాఠం గుర్తొచ్చి, ఆ రోజు నేను ముద్ద మింగలేక కొట్లాడాను. వెళ్లేటప్పుడు అవ్వ ధర్మవరం తీసుకుపోయి వాళ్ల అమ్మకు పట్టుచీర కొనిచ్చింది.

ఇప్పుడు ఆ రైల్వే గేటు లేదు, పట్టాల కింద నుంచి దారి వేశారు. అక్కడికి రాగానే నా మోపెడ్ మాత్రం అలవాటుగా నెమ్మదిస్తుంది. గేటు పోయినా ఆ నెల సంపాదించిన పొట్ట నాతోనే ఉంది. అవ్వకు పళ్లన్నీ పోయాయి, అయినా సంగటికి పళ్లతో పనేముంది? మొన్న పొడుగప్ప వీడియోలో కనిపించి తన మందుల అంగడి చూపించాడు. అరల నిండా సీసాలు, ముందర వరుసగా నిలబడ్డ జనం. అవ్వ ఫోన్ను చెంపకు ఆనించుకుని మురిసిపోతుంటే, నేను లాక్కుని గొప్పగా అడిగాను: "ఏమప్పా, ఆ పొద్దు నేను సంగటి చెయ్యమనకపోయింటే నీకు ఈ అంగడి యాడిది? నన్నేమన్నా తలుచుకుంటాండావా, మర్చిపోతివా?"

"నిన్ను మర్చిపోయేదెట్లప్పా?" అన్నాడు పొడుగప్ప, అచ్చం మా అవ్వ గొంతుతో. "మా ఇంట్లో యా బిడ్డన్నా పక్కోని తట్టలో చెయ్యి పెడితే, మా పెండ్లాం దినామూ అడుగుతాది గదా, 'ఏం, నువ్వు హిందూపురమోడివా?' అని."