ఉషక్క ఏడ్చిన సీను

ఉషక్క సందీప్‌ను ప్రేమించిందని మా వీధిలో ఇప్పటికీ అంటారు. మనసు లేకపోతే అంత ఏడుపు ఎలా వస్తుందంటారు. పిడుగురాళ్లలో ఇద్దరూ రహస్యంగా దండలు మార్చుకున్నారని, ఆ దండలు ఏ కొట్లో కొన్నారో కూడా తెలుసని చెప్పేవాళ్లున్నారు. వాళ్లిద్దరూ నటించిన సినిమా హాళ్లలోంచి పోయి ఏడాదైంది, ఇక దాచక్కర్లేదు, రాసుకోమని ఉషక్కే అంది కాబట్టి రాస్తున్నాను.

నరసరావుపేటలో మా వీధి మొదట్లో ఉషక్క జాకెట్లు కుట్టేది. ఇంటర్ మధ్యలో మానేసిన దగ్గర్నుంచి నేను ఆమె దగ్గర హుక్కులు, కాజాలు కుట్టేదాన్ని. కొలతలు తీస్తూనే ఆమె మనిషిని పట్టేసేది. వచ్చినావిడ మెట్లు దిగగానే అచ్చం ఆవిడలాగే మెడ తిప్పి, ఆవిడలాగే బేరమాడి నన్ను నవ్వించేది. రొంపిచెర్ల నుంచి సాయిగణేష్ అనే అతను, తాను తీయబోయే ప్రేమ సినిమాకు హీరోయిన్ బట్టలు కుట్టించడానికి వచ్చి, గుమ్మంలో నిలబడి ఇదంతా చూశాడు. వారం తిరిగేసరికి హీరోయిన్ ఉషక్కే అయింది.

హీరో సందీప్. సున్నం బట్టీల యజమాని కొడుకు. పెట్టుబడి వాళ్ల నాన్నది. మంచివాడే గానీ, కెమెరా ముందు నిలబడితే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అతనికి చివరిదాకా తెలియలేదు.

రిలీజు రోజు మొదటి ఆటకు నేనూ ఉషక్కా వెనక వరుసలో కూర్చున్నాం. సందీప్ బస్టాండు మైకులో చదివినట్టు ప్రేమిస్తున్నానని చెప్పే సీను వచ్చింది.

"ఒరేయ్, మాచర్ల బస్సు మూడో నంబరు ప్లాట్‌ఫారం మీదకొచ్చిందంట్రోయ్!" అని ముందు నుంచి ఎవరో అరిచారు.

హాలంతా నవ్వులు, ఈలలు. ఉషక్క చున్నీ కొసను వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. ఆఖర్లో, సున్నం బట్టీ దగ్గర, వదిలి వెళ్లిపోతున్న అతన్ని చూస్తూ ఆమె ఏడ్చే సీను. తెర నిండా ఆమె ముఖమే. ఈలలు ఆగిపోయాయి. నా పక్కనావిడ పాప్‌కార్న్ నమలడం మానేసింది.

పుకారు అక్కడే పుట్టింది.

"ఏమే ఉషా, ఆ మొద్దును చూసి అంత ఏడుపు ఎట్టా వచ్చిందే నీకు? లోపల ఏందో లేకపోతే రాదులే," అంది జాకెట్టు కోసం వచ్చిన విశాలాక్షి పిన్ని.

"ఈసారి చంక దగ్గర ఇంకో అంగుళం వదలాల పిన్నీ. చానా ఒళ్లు చేశావు," అంది ఉషక్క.

పిన్ని మళ్లీ అడగలేదు. వీధిలో మాత్రం అందరికీ చెప్పింది.

ఇంతలో సాయిగణేష్ ఫోన్ చేశాడు. ఆ ఒక్క సీను చూసి హైదరాబాదులో ఒక డైరెక్టరు ఉషక్కను రమ్మన్నాడట. శుక్రవారానికి అక్కడ ఉండాలి. వాళ్లమ్మ వీరరాఘవమ్మ పెద్దమ్మ ససేమిరా అంది.

"సందీప్ కూడా ఆడనే ఉన్నాడంటగా. సినిమా పేరు చెప్పి వాడి కాడికి పోతావా?" అని ఉషక్క బ్యాగును బీరువాలో పెట్టి తాళం వేసింది.

బుధవారం ఉషక్క ఒకే జాకెట్టును మూడుసార్లు విప్పి కుట్టింది. గుమ్మం దాకా వెళ్లి వచ్చేది. ఫోను బోర్లా పెట్టేది, మళ్లీ తీసి చూసేది.

"పెద్దమ్మకు జరిగింది చెప్పేయక్కా," అన్నాను.

"అమ్మకు చెబితే ఊరికి తెలవదా? జనం నవ్వకుండా చూసింది అదొక్క సీనే. దాన్ని కూడా నవ్వులపాలు చెయ్యమంటావా?"

సూదిలో దారం ఎక్కించబోయాను. ఎక్కలేదు.

గురువారం మధ్యాహ్నం ఉషక్క దారాల కోసం బజారుకు వెళ్లినప్పుడు పెద్దమ్మ వచ్చి నా ఎదురుగా కూర్చుంది. బీరువా తాళంచెవి ఆమె కొంగున ఉంది.

"షూటింగుకు నువ్వూ పోయావుగా. ఒక్కసారి నోరు తెరువు తల్లీ. వాడి మీద మనసు లేకపోతే వాణ్ణి చూసి అట్టా ఏడుస్తదా?"

తెలిసినవాళ్ల ముందు కూడా నాకు మాట రాదు. లేచి తలుపు దగ్గరికి వేశాను. ఎవరితోనూ అననని ఆమె చేత ఒట్టు వేయించుకున్నాను.

"అక్క ఎదురుగా నిలబడితే సందీప్‌కు నవ్వు ఆగలేదు పెద్దమ్మా. ఆరుసార్లు తీశారు, ఆరుసార్లూ నవ్వాడు. ఇక పొమ్మన్నారు. అక్క ఎటు చూడాలో గుర్తుకోసం అతని నీలం చొక్కాను వెదురుకర్రకు తగిలించి నా చేతికిచ్చారు. కెమెరా పక్కనుంచి మెల్లగా వెనక్కి నడవమన్నారు. నడిచాను."

"చొక్కానా? నా కూతురు అంత ఏడుపూ చొక్కాను చూసి ఏడ్చిందా?"

తలూపాను.  పెద్దమ్మ కొంగు ముడి విప్పి తాళంచెవి మిషను మీద పెట్టింది.

"మరి వాడేడే అప్పుడు?"

"రోడ్డవతల బిర్యానీ తింటన్నాడు."