మా వంటపాకలో పొయ్యిల పందెం

మా చిన్నప్పుడు... పొద్దున్నే లేచేసరికి అమ్మ కనిపించేది కాదు, అమ్మ దగ్గు వినిపించేది. వంటపాక గుమ్మంలోంచి పొగ సుడులు తిరుగుతూ బయటికొచ్చేది. ఆ పొగలో ఎక్కడో అమ్మ, చేతిలో ఊదుగొట్టం...

దివిసీమలో ఓ చిన్న ఊరు మాది. పొయ్యిలోకి పిడకలు, జనుప కట్టె, తాటిమట్టలు. బడి వదలగానే కాలవగట్టు వెంట తిరిగి మట్టలు, పుల్లలు ఏరుకురావడం అక్కదీ నాదీ పని. వానాకాలం వస్తే అవన్నీ చెమ్మెక్కి మండేవి కావు. అమ్మ కళ్ళు ఎప్పుడూ ఎర్రగా, సగం మూసుకునే ఉండేవి. ఆవిడ కళ్ళ తీరే అంత అనుకునేవాళ్ళం.

ఒకరోజు బ్లాకు ఆఫీసు నుంచి గ్రామసేవిక కరుణమ్మగారు వచ్చారు. బందరు ఆవిడ. తెల్లచీర, చేతికి గడియారం, మోకాళ్ళ దాకా బురద...

"పొగలేని పొయ్యి వేసిపెడతానండీ" అన్నారు.

వత్తులు చేసుకుంటున్న మా నాయనమ్మ తలెత్తింది. "పొగ లేకుండా నిప్పెట్టా మండుద్దమ్మా? ఆ పొగ తగలబట్టే కదా, మా కప్పుకి పురుగు పట్టకుండా ఉంది!"

అందులో అబద్ధం లేదు. పొగ తగిలిన తాటాకు ఎక్కువ కాలం నిలిచేది.

నాన్నది ఇంకో భయం. "తాటాకు కప్పులోంచి పొగగొట్టం పెడితే, ఒక్క నిప్పురవ్వ చాలండీ, వీధి వీధంతా బూడిదవడానికి!"

కరుణమ్మగారు కాదనలేదు. "మీరన్నది నిజవేనండీ. గొట్టాన్ని పక్కగోడలోంచి బయటికి తీసి, చూరుకి దూరంగా పైకి లేపుదాం" అన్నారు.

నాన్న ఇంకా తటపటాయిస్తుంటే, తలుపు చాటు నుంచి అమ్మ గొంతు వినిపించింది. కొత్తవాళ్ళ ముందు నోరు మెదపని మనిషి...

"వేయించండి. పాక కాలితే మళ్ళీ కట్టుకుందాం. ఈ కళ్ళు పోతే మళ్ళీ తెచ్చుకోలేను గదా."

నాన్న లేచి తట్టా పారా తీశాడు.

మర్నాడే కాలవ బంకమట్టి తెచ్చారు. దాన్లో ఊక, పేడ కలిపి అక్కా నేనూ గెంతుతూ తొక్కాం. కుమ్మరి మావయ్య మట్టిగొట్టాలు చేసిచ్చాడు. నిప్పు పెట్టే నోరు ఒకటే, గిన్నెలకి మాత్రం రెండు కన్నాలు. అది ఆరేదాకా పది రోజులు నాయనమ్మ దానివంక చూడనైనా చూడలేదు.

తీరా పాత పొయ్యి తీసేద్దామనేసరికి అడ్డం కూర్చుంది. "ముందు పందెం! ఎవరి అన్నం ముందుడికితే వాళ్ళ పొయ్యి ఉంటది."

ఆ ఆదివారం వీధిలో ఆడవాళ్ళంతా మా దొడ్లోనే... కరుణమ్మగారు నాయనమ్మకీ అమ్మకీ సమానంగా బియ్యం కొలిచారు, సమానంగా జనుప కట్టె మోపులు కట్టారు. అత్తగారు కాబట్టి మొదటి వంతు నాయనమ్మది. పాత పొయ్యి భగ్గుమంది. చూడ్డానికి లోపలికెళ్ళిన వాళ్ళు ఒక్కొక్కరే దగ్గుకుంటూ బయటికొచ్చేశారు. మోపు మధ్యలోనే అయిపోతే నాయనమ్మ మా అక్కకి సైగ చేసి రెండు తాటిమట్టలు తెప్పించుకుంది. ఆ సంగతి మేం ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు!

చివరికి కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారుతుంటే అన్నం వార్చుకుని వచ్చింది. "అయిపోయింది! చూడు నీ గడియారం!"

పాకలో పొగంతా పోయాక అమ్మ వంతు. కొత్త పొయ్యి కాసేపు మొరాయించింది. అమ్మ ఒంగి పుల్లలు మళ్ళీ సర్దింది. అంతలో బయటున్న పిల్లలం గోల చేశాం, "గొట్టంలోంచి వస్తంది! పొగ బయటికొస్తంది!"

అయినా ఎసరు మరగడానికి చాలాసేపు పట్టింది. కరుణమ్మగారు గడియారం చూసి చిన్నబోయారు. "మామ్మగారే గెలిచారండీ."

నాయనమ్మ వెలిగిపోయింది. అమ్మ రెండో కన్నం మీద గిన్నె మూత తీసింది. పప్పు! అన్నంతో పాటే ఉడికిపోయింది. పక్కన మోపులో సగం కట్టె అలాగే ఉంది. అప్పుడు చూసుకుంటే, వీధి ఆడవాళ్ళంతా పాకలోనే చతికిలబడి కబుర్లాడుకుంటున్నారు. ఒక్కరూ దగ్గడం లేదు.

నాయనమ్మ ఆ మిగిలిన మోపు చేత్తో ఎత్తి చూసింది. అమ్మ మొహంలోకి చూసింది.

"గెలిచింది నేనే. అది మర్చిపోమాకండి" అంది. "ఈ కట్టె రాత్రి వంటకి సరిపోద్ది. నా పొయ్యి... తీసెయ్యండి. ఎటూ వయసైపోయింది దానికి."

నెల తిరిగేసరికి అమ్మ దగ్గు తగ్గింది. కళ్ళ ఎరుపు పోయింది. అమ్మవి అంత పెద్ద కళ్ళని మాకు అప్పుడే తెలిసింది! పుల్లల కోసం తిరిగే పని సగానికి తగ్గి, అక్కా నేనూ చీకటిపడేదాకా తొక్కుడుబిళ్ళ ఆడుకునేవాళ్ళం. నాయనమ్మ చెప్పినట్టే కప్పుకి పురుగు పట్టింది, ముందుగానే కొత్త తాటాకు నేయించాల్సొచ్చింది. "నే చెప్పలా?" అని వారం రోజులు అంటూనే ఉంది... ఆ కొత్త పొయ్యి మీద తన కాఫీ తనే కాచుకుంటూ!

ఇప్పుడు మా ఇంట్లో గ్యాసు. ఇలా తిప్పితే అలా వెలుగుతుంది. మా కోడలికి పొగంటే ఏమిటో తెలీదు, తెలియకపోవడమే హాయి. కానీ వంట ఎంత తొందరగా అయిపోతుందంటే... నేను పక్కన పీట వేసుకుని కూర్చుని ఒక్క కబురు మొదలుపెట్టేలోపే స్టవ్ కట్టేస్తుంది.

మీ ఇంట్లో కట్టెలపొయ్యి ఆఖరిసారి ఆరిపోయిన రోజు మీకెవరికైనా గుర్తుందా? ఆ రోజు మీ అమ్మ ఏమందో చెప్పరూ...