జమ్మి సాయంత్రం, దోమతెర

పాప నుదురు ఇప్పుడే మళ్లీ ముట్టుకుని చూశాను. చల్లగానే ఉంది. నా చెయ్యే వేడిగా ఉండి అలా అనిపిస్తోందేమోనని చెంప ఆనించి కూడా చూశాను. పక్కన మా ఆయన నిద్రపోతున్నాడు. నాకెలాగూ నిద్ర రాదు గనుక దసరాకి ఏం జరిగిందో రాస్తూ కూర్చున్నాను.

మేముండేది కొల్లూరులో, ఎత్తైన బ్లాకులో పై అంతస్తు. అక్కడి గాలికి ఆరేసిన బట్టలే ఆగవు, ఇక దోమలేం ఆగుతాయి? అందుకే పాప పుట్టిన కొత్తలో నా భయాల్లో దోమ లేదు. పాలు సరిపోతున్నాయా, మెడ సరిగ్గా పట్టుకున్నానా, మా ఆయన పనిచేసే కాజీపల్లి మందుల ఫ్యాక్టరీ వాసన చొక్కాతో పాటు ఇంట్లోకి వస్తోందా, ఇవే నా భయాలు. సెలవులకు కాస్త ముందు మా బ్లాకులోనే కింది అంతస్తు పిల్లాడికి డెంగీ వచ్చింది. వాళ్లమ్మ లిఫ్టులో నాతో మాట్లాడుతూ మాట్లాడుతూ ఏడ్చేసింది. ఆ పిల్లాడు బడికి వెళ్లే వయసువాడు. మా పాపకి మూడో నెల కూడా నిండలేదు.

దసరాకి సంగారెడ్డిలోని అత్తగారింటికి వెళ్లాలి. పాపకి మొదటి పండగ, వెళ్లక తప్పదు. బయల్దేరే ముందు డాక్టరుని అడిగాను. ఇంత చిన్న బిడ్డకి దోమల క్రీములు ఇప్పుడే వద్దు, గదిలో కాయిల్ పొగ అసలే వద్దు, ఒళ్లంతా కప్పే పలచని బట్టలు, దోమతెర చాలు అంది. గొడుగులా తెరుచుకునే చిన్న దోమతెర కొన్నాను. మంచం మీద బోర్లిస్తే పాప అందులో హాయిగా పడుతుంది. పొడుగు చేతుల చొక్కాలు, సాక్సులు, దోమల బ్యాటు సర్దాను. బ్యాగు చూసి మా ఆయన నవ్వాడు. వెళ్లేది సంగారెడ్డికా, అడవికా అన్నాడు.

అత్తగారిల్లు బజారులో. ముందు ధాన్యం దుకాణం, వెనక ఇల్లు. ఇంటి తలుపు పక్క సందులోకి తెరుచుకుంటుంది. ఆ సందు పొడుగునా మోరీ, మూత లేని మురుగుకాలువ. వానలు అప్పుడే తగ్గాయి, మోరీలో నీళ్లు కదలకుండా ఉన్నాయి. దిగీ దిగగానే నేను చూసింది అదే. మొదటి సాయంత్రం చీకటి పడబోతుంటే పాపని ఎత్తుకునే వెళ్లి తలుపు మూశాను. అత్తమ్మ దేవుడి గదిలోంచి దీపం పట్టుకుని వచ్చి, రెండు రెక్కలూ బార్లా తెరిచింది.

"దీపాలు పెట్టే యాల దర్వాజ మూస్తరా బిడ్డా? లక్ష్మి కడప దాక వచ్చి మర్లిపోదా?"

వాళ్లది వ్యాపారం చేసే ఇల్లు. ఆ వేళకి తలుపు తెరిచి ఉండటం ఆమెకి గల్లాపెట్టెకి దండం పెట్టుకోవడం లాంటిదే. నాకు తెలుసు. కానీ సరిగ్గా ఆ వేళకే దోమలూ వస్తాయి. ఆ మాట ఎలా చెప్పాలో తెలియక పాపని లోపలి గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసుకున్నాను. పిల్లకి వేపాకు పొగ వేస్తానని ఆమె వస్తే అదీ వద్దన్నాను. ఆమె పళ్లెం పట్టుకుని వెనక్కి వెళ్లింది.

పండగ రోజు మాత్రం లోపలి గది కుదరలేదు. సాయంత్రం జమ్మి ఆకు తెచ్చేవాళ్లు ఒకరి వెనక ఒకరు వస్తారు. ఇక్కడ ఆ ఆకుని బంగారం అంటారు. పెద్దల చేతిలో పెట్టి కాళ్లకు మొక్కుతారు, పిల్లల చేతిలో పెట్టి దీవిస్తారు. మొదటి పండగకి పిల్లని లోపల దాస్తే వచ్చినవాళ్లు ఏమనుకుంటారని అత్తమ్మ అడిగింది. మా ఆయన నా వైపు చూశాడు. చివరికి ముందు గదిలో మంచం మీద, దోమతెర కింద పడుకోబెట్టడానికి ఒప్పుకున్నాను.

తలుపు తెరిచే ఉంది. వచ్చిన ప్రతివాళ్లూ మొదట పెద్దలకి, తర్వాత పాపకి. పాప గుప్పిట్లో ఆకు పెట్టాలంటే తెర లేపాలి. ఒకరు అంచు కాస్త ఎత్తి చెయ్యి దూర్చేవారు, ఇంకొకరు మొత్తం ఎత్తి పక్కన పెట్టేవారు. వాళ్లు అటు తిరగగానే నేను మళ్లీ బోర్లించి, అంచులు పరుపు కిందికి నొక్కేదాన్ని. ఒకాయన పాపని ఎత్తుకుని గుమ్మం దాకా వెళ్లి సందులో వాళ్లకి చూపించి వచ్చాడు. ఆయన వెనకే బ్యాటు పట్టుకుని నడిచాను. మా ఆయన మేనత్త అది చూసి గదిలో అందరికీ వినపడేలా అంది, "మిఠాయి దుకాణంల లడ్డూలకు కప్పినట్టు కప్పినవ్ గదనే కోడలా. పిల్లనా, లడ్డూనా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే పాప సాక్సులు పైకి లాగాను.

కాసేపటికి అత్తమ్మ పాపకి బొట్టు పెడదామని కుంకుమ భరిణె పట్టుకుని మంచం దగ్గరకి వచ్చింది. వంగింది, అలాగే ఆగిపోయింది. తెరకి లోపలి వైపు ఒక దోమ వేలాడుతోంది, ఎగరలేనంత బరువుగా. కాళ్ల మీద తెల్ల చారలు, డెంగీ దోమకి ఉండేలాంటివి. బయట నుంచి దోమలు రాకుండా నేను అన్ని అంచులూ నొక్కి, దాన్ని పాపతో పాటు లోపలే పెట్టేశాను. పాప చెంప మీద చిన్న ఎర్రటి దద్దురు. కణత దగ్గర ఇంకొకటి.

అత్తమ్మ భరిణె కింద పెట్టింది. తెర కిందికి రెండు చేతులూ పోనిచ్చి చప్పున కొట్టింది. పాప ఉలిక్కిపడి ఏడ్చింది. ఆమె చెయ్యి బయటికి తీసి చూసుకుంది. అరచేతిలో ఎర్రగా, కుంకుమ కంటే తడిగా మరక. నెమ్మదిగా, నాకొక్కదానికే వినపడేలా అంది, "ఇది మన పిల్ల రక్తమే."

చెయ్యి కడుక్కోలేదు. పూజ పళ్లెం తెచ్చి మంచానికి దూరంగా స్టూలు మీద పెట్టింది. తర్వాత వచ్చినవాళ్లకి గుమ్మంలోనే చెప్పింది: పాప బంగారం ఈ పళ్లెంల ఏసిపోండ్రి, తెర లేపకుండ్రి. మేనత్త ఏదో అనబోతే, "నువ్వు జెర ఊకో వదినా" అంది. ఆ తర్వాత చూస్తే తలుపు ఒక రెక్క మూసి ఉంది. ఎప్పుడు మూసిందో నేను చూడలేదు. రెండోది మూయలేదు, నేనూ అడగలేదు.

కొల్లూరు తిరిగి రాగానే డాక్టరుకి చూపించాను. కుట్టిన ప్రతి దోమా జబ్బు తేదు, కానీ కొన్నాళ్లు కనిపెట్టుకుని ఉండండి, ఒళ్లు వేడెక్కినా పాలు తాగకపోయినా వెంటనే తీసుకురండి అంది. కనిపెట్టుకుని ఉండటం అంటే ఏమిటో ఆమెకి తెలుసో లేదో. పాప ఎక్కువసేపు నిద్రపోతే భయం, పోకపోతే భయం. పాలు తాగుతూ మధ్యలో ఆగితే నా ప్రాణం ఆగుతుంది. థర్మామీటరు దిండు కిందే ఉంటుంది.

ప్రతి ఉదయం అత్తమ్మ ఫోను చేస్తుంది. పలకరింపు లేదు. "ఒళ్లు చల్లగున్నదా?" అని అడుగుతుంది. ఉందన్నాకే తిన్నావా అంటుంది. ఇదివరకు ఆమె ఫోను అంటే ఏం తప్పు పడుతుందోనని బెరుకుగా ఉండేది. ఇప్పుడు కాస్త ఆలస్యమైతే నేనే చేస్తున్నాను. ఆమె తప్ప నాలాగే పాప ఒంటి వేడి గురించి ఆలోచించే మనిషి ఇంకొకరు లేరు.

కణత దగ్గరి దద్దురు పోయింది. చెంప మీదిది మాసిపోతోంది.

ఈ ఉదయం ఆమె దీపావళి మాట ఎత్తింది. ఆ ఇంట్లో అది దసరా కంటే పెద్ద పండగ. దుకాణంలో లక్ష్మీపూజ, పొద్దుపోయే దాకా తలుపులు తెరిచే ఉంటాయి. నేను ఊఁ అనలేదు. ఆమెకి అర్థమైంది.

"కట్టెపని వడ్లాయన వచ్చి దర్వాజ కొలుచుకుపోయిండు. దోమలు రాకుండ జాలి తలుపు పెట్టిస్తున్న. లక్ష్మికి జాలి అడ్డమా ఏంది?"

చూద్దాం అత్తమ్మా అన్నాను. ముందు పాప చెంప మామూలు కానివ్వాలి, ఈ కొన్నాళ్లూ గడవాలి. ఇందాకటి నుంచి పాప కదల్లేదు. ఒకసారి నుదురు చూసి వస్తాను.