కోనకు మోసుకెళ్లిన నీళ్ల క్యాను

మా మామ నా ఇంట్లో వేళకు అన్నం తినడం లేదన్న మాట ప్రొద్దుటూరులో మా వీధి వీధంతా పాకింది. నాకసలే ముక్కు మీద కోపం. ఎదురింటామె వచ్చి, "మీ మామ పొద్దున్నించి పచ్చి నీళ్లు గూడా ముట్టలేదంట గదమ్మా" అని సాగదీసినప్పుడు తల కొట్టేసినట్టయింది.

మామ అంటే నా భర్త తండ్రి. పులివెందుల దగ్గరి ఒక పల్లెలో పుట్టి, మీసం రాకముందు నుంచి గొర్రెలు కాచిన మనిషి. మోకాళ్లు పట్టేశాక మందను అమ్మేసి మా దగ్గరికి వచ్చాడు. నా భర్తకు కలమల్ల పక్కన కరెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. నాకు బజారులో చిన్న జాకెట్ల కుట్టుడంగడి. పొద్దున్నే సంగటి కెలికి, పప్పు చేసి, "ఆకలైతే తినెయ్ మామా" అని చెప్పి పోతాను. మధ్యాహ్నం మూడింటికి వచ్చి చూస్తే గిన్నె మీద మూత కదిలి ఉండదు. ఆయన గడప మీద కూర్చుని ఉంటాడు. నేను తిన్నాకే పళ్లెం ముందుకు లాక్కుంటాడు. ఎందుకని అడిగితే, "తింటాలేమ్మా" అంటాడు, అంతే.

వడ్డించేవాళ్లు లేక చిన్నతనంగా ఉందేమో అనుకున్నాను. లేదా నా చేతి వంట నచ్చలేదేమో. కాలం చేసిన మా అత్త చేతి సంగటి ఎలా ఉండేదో ఈ ఇంట్లో వినని రోజు లేదు మరి. ఒకరోజు పెళ్లి జాకెట్లు పదిహేను మీద పడి, నడుం విరిగేలా కుట్టి ఇంటికొస్తే మళ్లీ అదే గిన్నె, అదే మూత. ఆపుకోలేకపోయాను.

"నేనొచ్చి నోట్లో పెడితేగానీ ముద్ద దిగదా మామా? వీధిలో నా పరువు తీస్తాండావు!"

 రెండు రోజుల తర్వాత ఆయన కొడుకుతో చెప్పాడు. "నేను ఊరికి పోతాప్పా. ఆడే ఉంటా. పోయేటప్పుడు ఒకసారి కోన సూసి పోతా."

నా భర్త నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను. పల్లెలో ఆ ఇంటికి తాళం పడి ఏడాదిన్నర. పొయ్యి రాజేసే దిక్కు లేదు. వద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు. తప్పు నాదని తెలుసు, ఒప్పుకోవడానికి మాత్రం ప్రాణం పోతోంది.

కోన సంగతి మాకు కొత్తేం కాదు. పులివెందుల అవతలి కొండల్లో నీళ్లు దూకే ఒక దుముకు ఉందని, కరువు ఏడాది ఊళ్లో బావులన్నీ ఎండితే దాని కింది గుండంలో తన మంద నీళ్లు తాగి బతికిందని మామ చెప్పని పండగ లేదు. మేమెవ్వరం చూడలేదు. చుట్టాలంతా దాన్ని మామ గంగ అని ఎగతాళి చేసేవాళ్లు. వాళ్లలో నేనూ ఉన్నాను.

తుపాను వానలు వెలిసిన వారానికి కారు మాట్లాడుకుని ముగ్గురం బయలుదేరాం. జొన్నరొట్టెలు, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి, ఉడికిన గుడ్లు కట్టాను. ఇరవై లీటర్ల ఫిల్టర్ నీళ్ల క్యాను కూడా ఎక్కించాను. "నీళ్లు దూకేకాడికి నీళ్లు మోసకపోతాండామా!" అని నా భర్త పగలబడి నవ్వాడు. నవ్వనీ. బిందె పట్టుకుని ట్యాంకరు వెనకాల పరిగెత్తిన పిల్లను నేను. మా సీమలో పుట్టినదాన్ని నీళ్లు లేకుండా గడప దాటమంటే ఎలా? మామ తన బట్టల మూట తెచ్చి వెనక సీట్లో పెట్టుకున్నాడు. తిరుగుదారిలో ఆయన్ను పల్లెలో దింపాలన్నది మాట. ఆ మూట చూసి నేను కిటికీ వైపు తిరిగాను.

దారి కాకపోయినా, ఫోటోల పిచ్చి ఉన్న నా భర్త ముందు జమ్మలమడుగు మీదుగా గండికోటకు తిప్పాడు. అంచున నిలబడి చూస్తే ఎర్రటి బండల మధ్య, అంత కింద, పెన్నేరు పచ్చగా నిలిచి ఉంది. మనసుకు హాయిగా ఉంది. గాలికి చీర కొంగు ఆగడం లేదు. మామ కర్ర ఆనించి కాసేపు చూసి పెదవి విరిచాడు.

"శానా బాగుంది. ఏం లాబం, ఒక్క జీవమన్నా దిగి తాగలేదు గదా." జీవమంటే ఆయన లెక్కలో గొర్రె.

ముద్దనూరు మీదుగా పులివెందుల దాటాం. చీనీ తోటలు, అరటి తోటలు అయిపోయాక కొండ మొదలైంది. కారు ఆగిపోయిన చోటు నుంచి కాలిబాట. నా భర్త క్యాను భుజానికెత్తుకుని, నన్ను తిట్టుకుంటూ ఎక్కాడు. మోకాళ్లు పట్టేసిన మామ మాకంటే ముందు నడిచాడంటే నమ్ముతారా? ఏ రాయి మీద అడుగు వెయ్యాలో ఆ కాళ్లకు గుర్తుంది. కొండ నెత్తిన పెద్ద బయలు. నడుమెత్తు గడ్డి, వానకు కడిగిన ఆకాశం, చుట్టూ నీలంగా కొండల వరస. అంత పచ్చదనం మా జిల్లాలో ఉందని నాకు నలభై ఐదేళ్లకు తెలిసింది. నోరు తెరుచుకుని నిలబడ్డాను.

సరిగ్గా అప్పుడే నా భర్త కాలు జారింది. మనిషికేం కాలేదు. క్యాను మాత్రం దొర్లుకుంటూ పోయి బండకు కొట్టుకుని పగిలింది. గడ్డి తాగేసింది నీళ్లన్నీ.

"అయ్యో, అయ్యో! ఇప్పుడేం తాగల్ల?" అని గుండెలు బాదుకున్నాను.

"కోనలో ఉండాయిలేమ్మా," అన్నాడు మామ నింపాదిగా.

ఉన్నాయి. బయలు అవతల చెట్లలోకి దిగుతుంటే ముందు చప్పుడు వినిపించింది, తర్వాత కనిపించింది. రెండు తాటిచెట్ల ఎత్తు నుంచి నీళ్లు నల్లరాయి మీదుగా దూకుతున్నాయి. కింద గుండం, అడుగు రాళ్లు లెక్కపెట్టేంత తేటగా. నిజమే చెప్పాడు మామ. ఇన్నేళ్లు నవ్వినందుకు సిగ్గేసింది. నా భర్త చొక్కాతోనే నీళ్ల కిందికి పోయి, నోరు తెరిచి తాగి, చిన్నపిల్లాడిలా కేకలు పెట్టాడు.

"తాగు నాయనా!" అని అరిచాడు.

"తాగుతాలే," అన్నాడు మామ.

నాకు గొంతు ఎండిపోతోంది. కానీ ఆ నీళ్లు తాగాలంటే మనసొప్పలేదు. పైన ఏ పంది పొర్లిందో, ఏ పాము ఈదిందో! బండ మీద కూర్చుని కాళ్లు మాత్రం నీళ్లలో పెట్టాను. మామ కర్ర పట్టుకుని గుండం ఒడ్డునే నిలబడ్డాడు. ఆయన పెదాలు తెల్లగా ఎండిపోయాయి.  ఎంతసేపైనా వంగడు, తాగడు. గడప మీద కూర్చున్నప్పుడూ ఆ ముఖం అలాగే ఉండేది. నాకు మళ్లీ మండింది.

"ఇంత దూరం ఈ నీళ్ల కోసరమే గదా వచ్చినావు మామా? ఏందీ పంతం? తాగరాదా!"

"నువ్వింకా తాగలేదు గదమ్మా."

"నేను తాగకపోతే నీకేంది?"

ఆయన తడబడ్డాడు. నన్ను చూడకుండా నీళ్ల వైపు చూస్తూ చెప్పాడు. "జీవాలన్నీ తాగినాకనే కాసేటోడు తాగల్ల. ఒక్కటి తాగకున్నా మనం నోరు తడుపుకోగూడదు. మా నాయన అట్ల నేర్పించినాడు." వెంటనే నొచ్చుకుని, "నిన్ను గొర్రె అన్న్యానని కోపం సేసుకోవాకమ్మా. ముదనష్టపు అలవాటు, పోదు" అన్నాడు.

 నేను అడిగాను. "ఇంట్లోనూ అందుకేనా?"

"ఎండన పడి నువ్వు వచ్చేదాకా నాకు ముద్ద యాడ దిగుతాదమ్మా?"

ఏడుపు తన్నుకొచ్చింది. ఏడాదిన్నరగా ఆ మనిషి ఆకలితో నాకోసం కాచుకుని కూర్చుంటే, నేను నా పరువు కోసం ఏడ్చాను. ఛీ, ఏం బతుకు! లేచి గుండంలో దిగి దోసిలి పట్టాను. పందీ లేదు, పామూ లేదు. చల్లగా, కొంచెం ఆకు వాసనతో గొంతు దిగాయి నీళ్లు.

"కడుపునిండా తాగినావా?" అని అడిగాడు.

ఇంకో నాలుగు దోసిళ్లు తాగి తలూపాను. అప్పుడు మామ కర్ర పక్కన పెట్టి, నా భుజం పట్టుకుని, ఆ పట్టేసిన మోకాళ్ల మీద వంగాడు. చాలాసేపు తాగాడు. రొట్టెలు కూడా అక్కడే తిన్నాం, ముందు మేము, తర్వాత ఆయన. ఈసారి నాకు కోపం రాలేదు.

తిరుగుదారిలో పల్లెకు మలుపు వచ్చింది. డ్రైవరు వేగం తగ్గించాడు. మామ మూట తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. నా భర్త నా వైపు చూశాడు. నేను ఆ మూట లాక్కుని నా కాళ్ల కింద పెట్టుకున్నాను.

"నేరుగా ప్రొద్దుటూరికి పోనీప్పా," అన్నాను డ్రైవరుతో.

"అదేందమ్మా?" అన్నాడు మామ.

"మంద ఇంకా ఇంటికి చేరలేదు మామా. నడిమధ్యలో ఇడిసిపెట్టి యాడికి పోతావు?"

 మామ తువ్వాలుతో ముఖం తుడుచుకుని, తలుపు మీద పెట్టిన చెయ్యి తీసేశాడు.

ఇప్పుడు నేను ఒంటి గంటకే అంగడి మూసి ఇంటికి పోతాను. పెళ్లి జాకెట్లున్నా సరే. గబగబా నాలుగు ముద్దలు తిని, గడప వైపు తిరిగి గట్టిగా చెబుతాను.

"నేను తిన్న్యా మామా!"