బుల్లిబాబు గారి కంపు డ్రమ్ము

బుల్లిబాబు గారంత చెడ్డగా ఎరువు చేసే మనిషిని నా డెబ్భై నాలుగేళ్ల బతుకులో చూడలేదు. తొక్కలు, ఆకులు కలిపి వేస్తే వాటంతట అవే మట్టి అవుతాయి. మేకలు కాసే పిల్లకు కూడా తెలిసిన పని. ఇంజనీరుగా ముప్పై ఏళ్లు సర్కారు కొలువు చేసి రిటైరైన ఆ పెద్దమనిషికి మాత్రం పట్టుబడలేదు.

పుప్పాలగూడలో మేముండే అపార్టుమెంటు లేచింది ఒకప్పటి మా పొలంలోనే. బిల్డరు మంచి మట్టి తోడుకుపోయి, సిమెంటు పెళ్లలు నింపి పోయాడు. అందులో గడ్డి కూడా మొలవదు. ఆ నేలను బాగు చేస్తానని ఆయన అటు చివర గోడ దగ్గర ఒక నీలం డ్రమ్ము పెట్టారు.

నాకు మోకాలి ఆపరేషన్ అయిన రోజులవి. రోజూ నడవకపోతే కాలు బిగుసుకుపోతుందని డాక్టరు చెప్పాడు. నలుగురి ముందు చేతికర్ర పట్టుకుని కుంటడమా? నేనా? ఇల్లు కదలనన్నాను. మనవరాలు భానుశ్రీ బతిమాలింది, కోడలు ఏడ్చింది. నేను టీవీ గొంతు పెంచాను.

అప్పుడొచ్చారు బుల్లిబాబు గారు, స్టీలు గిన్నెలో నల్లటి ముద్ద పట్టుకుని.

"అమ్మగారూ, కాస్త వాసన చూసి చెబుతారా అండి?"

"చూసుడేంది సారూ, నువ్వు లిఫ్టుల ఉన్నప్పుడే వచ్చింది."

"ఎందుకిలా అయిందంటారు?"

"గిన్నెల ఏం తెలుస్తది? డ్రమ్ము కాడ చూడాలె."

నోరు జారాను. చెప్పులు వేసుకోక తప్పలేదు.

డ్రమ్ములో సాంబారు పోసి ఉంది.

"ఎరువు చేస్తున్నవా, ఈగలకు దావత్ ఇస్తున్నవా?"

తడి చెత్త మీద ఎండుటాకులు వేయాలనీ, అప్పుడప్పుడు తిరగేయాలనీ చెప్పి వచ్చాను. మర్నాడు మళ్లీ గిన్నె. ఆకులు వేశారు, పచ్చివి. ఆ మర్నాడు గుమ్మడికాయ కోయకుండా వేశారు. తర్వాత మూత తీసి వానకు వదిలేశారు. రోజూ దిగడం, అంత దూరం నడవడం, తిట్టడం. ఆయన నా తిట్లు నోట్‌బుక్కులో రాసుకునేవారు. మూడో తరగతి దాటని నా మాట ఒక ఇంజనీరు రాసుకుంటుంటే ఎవరికి చేదు?

"యాడ చదివినవ్ సారూ?"

"కాకినాడలో అండి."

"ఆడ ఆకులు రాలవా?"

"రాలతాయండి. పరీక్షలో ఎవరూ అడగలేదు."

అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో ఆయనకు 'కంపు సారు' అని పేరు పడింది. చివరికి ఆదివారంలోగా వాసన పోకపోతే డ్రమ్మును చెత్తబండి ఎక్కిస్తానన్నాడు సెక్రటరీ రాకేశ్. నాకు పౌరుషం వచ్చింది. నేను పాఠం చెబుతున్న డ్రమ్ము కదా అది! కానుగ చెట్ల కింది ఆకు బస్తాలతో తెప్పించి, పుల్ల మజ్జిగ చల్లించి, పొద్దునా సాయంత్రం దగ్గరుండి తిరగేయించాను. ఆదివారం రాకేశ్ డ్రమ్ములో తల పెట్టి మరీ వాసన చూసి, చెత్తబండిని వెనక్కి పంపేశాడు.

రెండు నెలలకు, ఆ ఎరువు వేసిన గోడ పక్కన తోటకూర లేచింది. చేతికర్ర ఇంట్లో మర్చిపోయి వచ్చానని ఆ రోజే గమనించాను.

మేము తోటకూర దగ్గర ఉండగానే మదీనాగూడ నుంచి విమల అనే నర్సు ఆయన్ను వెతుక్కుంటూ వచ్చింది. సారుకు ఎరువు పని నేర్పింది నేనేనని ఆమెకు గొప్పగా చెప్పాను.

"మా అపార్టుమెంటుల ముప్పై ఇండ్లకు ఎరువు చేసుడు సారే నేర్పిండు అమ్మా. మూడేండ్లాయె, ఇసుమంత వాసన రాదు."

నేను ఆయన వైపు చూశాను. ఆయన తోటకూర వైపు చూశారు.

"సాంబారు కావాలనే పోసినవా?"

"గుమ్మడికాయైతే కొనుక్కొచ్చి మరీ వేశానండి."

"ఎందుకు?"

"నడవండి అంటే తిడతారని భానుశ్రీ చెప్పిందండి. తిట్లు ఎలాగూ తప్పవు కదా, ఆ తిట్టేదేదో కిందికొచ్చి తిడతారని."

కోపం వచ్చింది. ఎంతోసేపు నిలవలేదు. రెండో అంతస్తులో కూతురి ఇంటికి వచ్చిన శారదమ్మ గుర్తొచ్చింది. గుంటూరు వైపు మిరప పండించిన మనిషి, పది రోజులుగా గడప దాటడం లేదు.

"సారూ, రేపు డ్రమ్ము మళ్ల జర పాడు చెయ్యి. గిన్నె పట్టుకొని శారదమ్మ కాడికి పో."

"రాకేశ్ ఊరుకోడేమోనండి."

"వాని సంగతి నేను చూసుకుంట."

"ఆవిడకు తిట్టడం వచ్చా అండి?"

"మిరప పండించినామె సారూ. నీ ఫికర్ నువ్వు చేసుకో."